హాజరు పట్టీలో పేరు, తరగతి గదిలో చోటు

(హిందూపురంలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, మసీదు కమిటీల పెద్దలు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వక్తలం కాము. ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా బతుకు వెళ్ళదీసి, పదవీ విరమణ చేసిన కొద్దిమందిమి. మాకు తెలిసిన విద్య దరఖాస్తు రాయడం ఒక్కటే. పింఛన్లకు, రేషన్ కార్డులకు, స్కాలర్‌షిప్పులకు కాగితాలు రాసిపెట్టడానికి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పట్టణాలలో ఇళ్ళకు తిరుగుతుంటాం. మూడూ ఒకే రైలు దారిలోని ఊళ్ళు కనుక ఉదయం బయలుదేరి రాత్రికి ఇల్లు చేరగలం. అలా తిరుగుతున్నప్పుడు ఒక సంగతి మా కళ్ళబడింది. ఇంటి ముందు గదిలో మాతో మాట్లాడే తల్లి, లోపలి గదిలో ఉన్న ఒక బిడ్డ ప్రస్తావన చివరిదాకా తేదు. మేము లేచి వెళ్ళబోయే ముందు, గడప దగ్గర, గొంతు తగ్గించి అడుగుతుంది: “సాబ్, ఇంట్లో ఇంకొక బిడ్డ ఉంది. ఆ బిడ్డకు కూడా ఏమైనా వస్తుందా?”

ఈ రోజు ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికే వచ్చాం. ఆ బిడ్డకు వచ్చేది ఉంది. అది ఖైరాత్ కాదు, హక్కు. పింఛను కంటే ముందు, ఆ బిడ్డకు బడిలో ఒక చోటు రావాలి.

మా తప్పు

ఇతరులను ప్రశ్నించే ముందు మా తప్పు మేము ఒప్పుకోవాలి. మాలో కొందరం విద్యకు సంబంధించిన ఒక కార్యాలయంలో ఏళ్ళ తరబడి పనిచేశాం. ఏటా పాఠశాలల నుండి సమాచార పత్రాలు వచ్చేవి. వాటిలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలు ఎందరు అని ఒక గడి ఉండేది. చాలా పత్రాలలో అది ఖాళీగా వచ్చేది. గడువు ముంచుకొచ్చేది. పైనుండి ఫోన్లు వచ్చేవి. అప్పుడు మేమేం చేసేవాళ్ళమంటే, నిరుటి ఫైలు తీసి అందులోని అంకెనే ఈ ఏటి గడిలో వేసి పంపేవాళ్ళం. నిరుటిది అంతకు ముందటేటి నుండి దించుకున్నదే. మా కాగితాల మీద ఆ పిల్లలు పెరగలేదు, తరగతి మారలేదు, బడి మానలేదు. ఒక్కరు కొత్తగా పుట్టలేదు. మమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేదు, ఎందుకంటే అంకె సరిపోయింది.

పదవీ విరమణ తరువాత ఇళ్ళకు వెళ్ళి ఆ పిల్లలను చూసినప్పుడు, మేము నింపిన గడులు మాకు గుర్తుకు వచ్చాయి. ఈ పని మొదలుపెట్టడానికి అదే కారణం.

అంకెల గురించి చెప్పవలసింది క్లుప్తంగా చెబుతాం. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం. వికలాంగులైన ఐదేళ్ళ పిల్లల్లో నలుగురిలో ముగ్గురు ఏ విద్యాసంస్థకూ వెళ్ళడం లేదని, 5 నుండి 19 ఏళ్ళ వారిలో నలుగురిలో ఒకరు చదువుకు దూరంగా ఉన్నారని 2019లో యునెస్కో నివేదిక తెలిపింది. 6–14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం బడి మొహం చూడనివారో, మధ్యలో మానినవారో అని 2006లో సచార్ కమిటీ చెప్పిన మాట మన పత్రికల్లో ఎన్నోసార్లు చదివాం. ఈ రెండు లెక్కలూ కలిసే చోట ఒక బిడ్డ ఉంటుంది. ముస్లిం అయినందుకు ఒక వెనుకబాటు, వికలాంగురాలైనందుకు ఇంకొకటి, ఆడపిల్ల అయితే మూడవది. సచార్ నివేదికను ఎత్తిచూపి హక్కులు అడిగే మనం, ఆ మూడు బరువులూ మోసే బిడ్డ గురించి ఎన్ని సభలలో మాట్లాడాం?

హిందూపురం: వినిపించని పాఠం

ఈ పట్టణంలోనే ఒక ఉర్దూ మాధ్యమ పాఠశాలలో ఒక బాలిక నాలుగో తరగతి చదువుతున్నది. పుట్టుకతో వినికిడి లేదు. హాజరు నూటికి నూరు. ఉపాధ్యాయిని మంచి మనిషి, ఆ పిల్లను మొదటి బల్ల మీదే కూర్చోబెట్టింది. పేరు పిలిచినప్పుడు పక్కనున్న పిల్ల భుజం తడితే లేచి నిలబడుతుంది. నల్లబల్ల మీద ఉన్నదంతా ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకుంటుంది. ఆ నోటు పుస్తకం చూసి మేమూ మురిసిపోయాం. ఒక పదం మీద వేలు పెట్టి, ఇది ఏమిటని సైగ చేశాం. ఆ పిల్ల మా ముఖం చూసి నవ్వింది. మరో పదం చూపాం. మళ్ళీ నవ్వింది. నాలుగేళ్ళుగా ఆ పిల్ల బొమ్మలు దించినట్టు అక్షరాలను దించుతున్నది. వాటికి అర్థం ఉంటుందని ఆ పిల్లకు ఎవరూ అందించలేదు.

ఇంట్లో దక్కనీ, బడిలో ఉర్దూ, వీధిలో తెలుగు, సంతలో కన్నడం. చెవులున్న పిల్లలకు నాలుగు భాషలు నాలుగు వరాలు. పెదవుల కదలిక మీదే ఆధారపడిన పిల్లకు అవి నాలుగు గోడలు. వినికిడి యంత్రం ఇచ్చారు కదా అని అడిగితే, తల్లి పెట్టెలో నుండి తీసి చూపింది. పిల్ల పెరిగింది, చెవి పెరిగింది, చెవిలో అమర్చే అచ్చు మాత్రం పాతదే. నొప్పి పెడుతుందని పిల్ల తీసేసింది. అచ్చు ఎప్పటికప్పుడు మార్చాలని వారికి చెప్పినవారు లేరు. తల్లి ఇంకొక మాట కూడా అన్నది: “చెవికి మిషను పెట్టుకొని తిరిగితే రేపు సంబంధాలు ఎవరు తెస్తారు?” ఆ మాటకు మేము జవాబు చెప్పలేక కాసేపు ఊరుకున్నాం.

తరువాత ఆ ఉపాధ్యాయినితో కూర్చున్నాం. తప్పుపట్టడానికి కాదు. మండలంలో సహిత విద్య కోసం పనిచేసే రిసోర్స్ టీచరును కూడా పిలిచాం. వారు చెప్పిన ఉపాయాలకు రూపాయి ఖర్చు లేదు. నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడకూడదు. రాసిన తరువాత పిల్లల వైపు తిరిగి చెప్పాలి. వెలుతురు టీచరు ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. వస్తువును చూపి, సైగ చేసి, ఆ తరువాత పదం రాయాలి. ఉపాధ్యాయిని మరునాడు చింతపండు, బెల్లం, పట్టుగూడు తెచ్చింది. మూడూ హిందూపురం మార్కెట్టులో దొరికేవే. పిల్లలంతా ముట్టుకున్నారు, రుచి చూశారు, పేర్లు రాశారు. భారతీయ సంజ్ఞా భాషలో పాఠాల వీడియోలు ఉన్నాయి. 2015లో ఏర్పడిన సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఎన్‌సీఈఆర్‌టీతో 2020లో ఒప్పందం చేసుకొని పాఠ్యపుస్తకాలను సైగల్లోకి తెచ్చే పని చేపట్టింది. సంజ్ఞా భాషకు ఉర్దూ, తెలుగు అనే గొడవ లేదు.

ఆ పిల్ల ఇప్పుడు ఇరవై, ముప్పై పదాలు చదువుతున్నది. నాలుగో తరగతికి అది చాలదని మాకు తెలుసు. పోయిన నాలుగేళ్ళు తిరిగి రావు. వినికిడి లోపాన్ని పుట్టిన కొద్ది నెలల్లోనే పట్టుకోగలిగితే ఆ ఏళ్ళు పోయేవి కావు. 2013 నుండి ‘రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం’ కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పిల్లలను పరీక్షిస్తున్నారు. ఆ రోజున బిడ్డను ఇంట్లో దాచకండి. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు మన సీమలో హిందువులలోనూ, ముస్లింలలోనూ ఉన్నాయి. పుట్టుకతో వచ్చే వినికిడి లోపానికి అదొక కారణమని వైద్యులు చెబుతున్నారు. ఆ మాట కూడా నిర్మొహమాటంగా మాట్లాడుకోవాలి.

చట్టం ఏం చెబుతున్నది

సాధారణ బడులలో వికలాంగ బాలలకు చదువు చెప్పాలన్న కేంద్ర పథకం 1974లోనే వచ్చింది. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. 2009 విద్యా హక్కు చట్టం 6–14 ఏళ్ళ పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కు చేసింది. 2012 సవరణ వికలాంగ బాలలను ప్రతికూల పరిస్థితుల్లో ఉన్న వర్గంలో చేర్చింది. ఆ తరువాత వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. అది గుర్తించిన వైకల్యాలు 21.

ఈ చట్టంలోని 16వ సెక్షన్‌ను ప్రతి మసీదు కమిటీ, ప్రతి పాఠశాల కమిటీ గోడకు అంటించుకోవాలని మా కోరిక. ప్రభుత్వ నిధులు గానీ, గుర్తింపు గానీ ఉన్న విద్యాసంస్థలు వివక్ష లేకుండా ఈ పిల్లలను చేర్చుకోవాలి. ఇతర పిల్లలతో సమానంగా చదువు, ఆటలు కల్పించాలి. భవనాలు, ఆవరణలు అందుబాటులో ఉండాలి. బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలి. అంధులకు, బధిరులకు వారికి తగిన భాషలో, తగిన పద్ధతిలో బోధించాలి. రవాణా సదుపాయం చూడాలి. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుండి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కు. ఇరుగుపొరుగు బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది ఎంచుకునే స్వేచ్ఛ కూడా వారిదే. విద్యా హక్కు చట్టం 14 ఏళ్ళతో ఆగితే, ఈ చట్టం మరో నాలుగేళ్ళు చేయి పట్టుకుంటుంది.

ఒక అపోహ తొలగించాలి. సదరం ధ్రువపత్రం లేనిదే బడిలో చేర్చుకోరని చాలామంది అనుకుంటున్నారు. చేర్చుకోవడానికి అది షరతు కాదు. ముందు బిడ్డ బడిలో కూర్చోవాలి, పత్రం పని వెనుక నడవాలి. ఇంకొక విషాదం ఏమిటంటే, సదరం పత్రం ఉన్న ఇళ్ళలో అది పింఛను కోసమే ఉన్నది. 2024 జూలై నుండి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు రూ.6,000 అయింది. పేద ఇంటికి అది పెద్ద ఆసరా, మేము కాదనం. కానీ అదే పత్రంతో బిడ్డకు రవాణా భత్యం, తోడు వచ్చేవారికి భత్యం, ఉపకరణాలు, పరీక్షలలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు లభిస్తారు. ఆ పత్రాన్ని పింఛను పుస్తకంలో నుండి తీసి ఒకసారి బడికి కూడా పట్టుకెళ్ళండి.

పెనుకొండ: మంచినీళ్ళు తాగని పిల్ల

హిందూపురంలో భాష అడ్డు వచ్చింది. పెనుకొండలో అడ్డు వచ్చింది నాలుగు మెట్లు. ఎనిమిదో తరగతి చదివే ఒక బాలికకు కాళ్ళలో పట్టు లేదు. తెలివైన పిల్ల, లెక్కల్లో దిట్ట. ఆరో తరగతి దాకా తల్లి ఎత్తుకొని దించేది. ఇప్పుడు పిల్ల బరువు పెరిగింది, తల్లి నడుము వంగింది. చక్రాల కుర్చీ వచ్చింది. పాఠశాలలో ర్యాంపు కూడా కట్టారు. కట్టినట్టు ఫొటో ఉంది, బిల్లు ఉంది. వెళ్ళి చూశాం. అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలన్నది ప్రమాణం. అక్కడ నాలుగడుగులు కూడా లేదు. దాని మొదట్లో సైకిళ్ళు నిలిపి ఉన్నాయి.

అసలు కష్టం ఆ పిల్ల మాకు చెప్పలేదు, తల్లి చెప్పింది. ఆ పిల్ల ఉదయం లేచినప్పటి నుండి సాయంత్రం ఇల్లు చేరేదాకా మంచినీళ్ళు తాగదు. మధ్యాహ్న భోజనం కూడా సగమే తింటుంది. మరుగుదొడ్డి తలుపు కుర్చీ పట్టనంత ఇరుకు, లోపల పట్టుకోవడానికి కడ్డీ లేదు. మన సీమ ఎండల్లో పదమూడేళ్ళ ఆడపిల్ల రోజంతా దాహం చంపుకొని లెక్కలు చేస్తున్నది. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు ఎదుట రోజూ హాజరు పడుతున్నది. దాహానికి మన రిజిస్టర్లలో గడి లేదు.

ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడాం. ఆయన తలుపు తీయించి వెడల్పు చేయించడానికి, ఒక ఇనుప కడ్డీ పెట్టించడానికి ఒప్పుకున్నారు. ఖర్చును ఊరి వర్తకులు ఇద్దరు భరించారు. ఒకరు మనవారు, ఒకరు కారు. ర్యాంపు పడగొట్టి మళ్ళీ కట్టడానికి మాత్రం అనుమతి కావాలన్నారు. దరఖాస్తు రాశాం. మూడు నెలలైంది, ఇంకా తిరుగుతున్నాం. ఇక్కడ మేము గుమాస్తాలం అయినందుకు సంతోషించాం. ఏ బల్ల మీద ఫైలు ఆగుతుందో మాకు తెలుసు.

పెనుకొండ అనగానే బాబయ్య స్వామి దర్గా గుర్తుకు వస్తుంది. అన్ని మతాలవారూ తమ బిడ్డలను ఎత్తుకొని వస్తారు. ఆ తల్లుల విశ్వాసాన్ని మేము తక్కువ చేయం. అయితే దుఆ చేసిన చేతులే ఆ బిడ్డను బడి మెట్లు ఎక్కించాలి. మరొక మాట. బడిలో ర్యాంపు అడగడానికి బయలుదేరిన మేము మసీదు దగ్గర ఆగి మెట్లు లెక్కపెట్టాం. చెప్పడానికి సిగ్గుగా ఉంది, బడికి నాలుగు మెట్లుంటే మనకు ఏడు ఉన్నాయి. వజూ చేసే చోటు ఇంకా ఎత్తు. ప్రభుత్వాన్ని అడిగే నోరు ముందు మన గడపను అడగాలి.

ధర్మవరం: ‘మొద్దు’ అని పిలిచిన పిల్లవాడు

మూడో బిడ్డ ధర్మవరం నేత ఇంటివాడు. ఆ ఇల్లు మన మతం వారిది కాదు. అయినా చెబుతున్నాం, ఎందుకంటే ఈ పోరాటానికి మతం లేదు. పిల్లవాడికి పదకొండేళ్ళు. కన్ను, చెవి, కాలు అన్నీ సవ్యంగా ఉన్నాయి. కానీ చదవలేడు. ‘ప’కు, ‘వ’కు, ‘మ’కు, ‘ష’కు తేడా వాడికి నిలవదు. ఉదయం చదివిన పదం సాయంత్రం కొత్తది. బడిలో వాణ్ణి మొద్దు అన్నారు, సోమరి అన్నారు. తండ్రి రెండేళ్ళు చూసి, చదువు వీడి తలరాతలో లేదని మగ్గం దగ్గర కూర్చోబెట్టాడు.

మేము ఆ ఇంటికి వెళ్ళినప్పుడు పిల్లవాడు జకార్డు అట్టలు వరుసగా పేర్చుతున్నాడు. ఆ అట్టల మీది చిల్లులను బట్టి చీర అంచులో పువ్వు పూస్తుంది, నెమలి లేస్తుంది. ఒక్క అట్ట వరుస తప్పితే చీర చెడుతుంది. వాడు ఒక్కటి కూడా తప్పలేదు. ఇంత జ్ఞాపకం, ఇంత గురి ఉన్న పిల్లవాడు మొద్దు ఎలా అవుతాడు?

దీనికి చట్టంలో పేరు ఉంది: నిర్దిష్ట అభ్యసన వైకల్యం. 1995 చట్టంలో అది లేదు. 2016 చట్టం దాన్ని 21 వైకల్యాలలో చేర్చింది. బడులలో దాన్ని వీలైనంత తొందరగా గుర్తించి, తగిన బోధనా పద్ధతులు అనుసరించాలని 16వ సెక్షనే చెబుతున్నది. ఇలాంటి పిల్లవాడికి పాఠం చదివి వినిపించాలి, జవాబు నోటితో చెప్పనివ్వాలి, అక్షరాన్ని వేలితో ఇసుకలో దిద్దించాలి, రాయడానికి ఎక్కువ సమయం ఇవ్వాలి. అన్నిటికంటే ముందు, నలుగురిలో నిలబెట్టి చదివించి నవ్వులపాలు చేయకూడదు.

తండ్రి మాటలో న్యాయం లేకపోలేదు. “సార్, మీరు బడికి పంపమంటారు. రేపు వాడికి చదువూ రాక, మగ్గమూ రాకపోతే మీరు తిండి పెడతారా?” అన్నాడు. నేత పని తక్కువదని మేము అనలేదు. పదకొండేళ్ళకే వాడి తరఫున మనం నిర్ణయం చేయకూడదని మాత్రం అన్నాం. చాలాసేపు వాదన జరిగింది. చివరికి పగలు బడి, సెలవు రోజున మగ్గం అని ఒప్పుకున్నాడు. పిల్లవాడు నెల రోజులుగా బడికి వెళ్తున్నాడు. నిలబడతాడో లేదో మేము హామీ ఇవ్వలేం. అది వాడి చేతిలో కంటే బడి చేతిలో ఎక్కువ ఉంది.

సాధారణ బడా, ప్రత్యేక బడా?

పిల్లలను సాధారణ బడిలో చేర్చి బాధపెట్టడం ఎందుకు, ప్రత్యేక పాఠశాలలు ఉన్నాయి కదా అని పెద్దలు అడుగుతారు. మన ప్రాంతంలో ఆ సేవ చేసినవారిని మరువలేం. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన ఆర్‌డీటీ సంస్థ వినికిడి, చూపు లేని పిల్లలకు బడులు నడిపింది. ధర్మవరం పక్కనే బత్తలపల్లిలో ఆ సంస్థ ఆసుపత్రి ఎందరికి ఆసరానో మీకు తెలుసు. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో తింబక్తు కలెక్టివ్ వికలాంగులను సంఘాలుగా కూడగట్టింది.

మా అభిప్రాయం ఇది. పూర్తిగా వినిపించని బిడ్డకు ముందు ఒక భాష కావాలి. సైగల భాష మాట్లాడే తోటి పిల్లలు, గురువులు ప్రత్యేక పాఠశాలలో దొరుకుతారనుకుంటే అక్కడికి పంపడం తప్పు కాదు. మండలానికి ఉన్న భవిత కేంద్రం కూడా బడికి సిద్ధం చేసే మెట్టు. తీవ్ర వైకల్యం ఉన్నవారికి ఇంటి వద్ద విద్య పొందే హక్కును 2012 సవరణ ఇచ్చింది. అయితే ఆ హక్కు బడి తలుపు మూయడానికి సాకు కాకూడదు. “మీ బిడ్డకు ఇంటి దగ్గరే చెబుతాం” అన్న మాటకు సంతోషించేముందు, ఎవరు వస్తారు, వారానికి ఎన్ని రోజులు వస్తారు, ఏం నేర్పుతారు అని అడగండి. ఎంపిక తల్లిదండ్రులది, బిడ్డది. బడికి సౌకర్యంగా ఉంటుందని చేసే ఎంపిక ఎంపిక కాదు.

ఉపాధ్యాయుల కష్టమూ మాకు తెలుసు. నలభై మంది పిల్లలున్న గదిలో ఒక్క మనిషి ఎంతని చూస్తాడు? అందుకే 2021 అక్టోబరు 28న రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు, ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పది మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, పై తరగతులలో పదిహేను మందికి ఒకరు ఉండాలన్నది. 2025 మార్చిలో ఆ పోస్టులను ప్రకటించి నింపమని రాష్ట్రాలను మళ్ళీ ఆదేశించింది. ఈ డిమాండులో తల్లిదండ్రులూ, ఉపాధ్యాయ సంఘాలూ ఒక్క గొంతు కావాలి. టీచరును తిట్టడం సులభం. టీచరుకు తోడు నియమించమని అడగడం మన పని.

మన ఇంటి సంగతి

ఈ పత్రిక మైనారిటీల హక్కుల కోసం పనిచేస్తుంది కనుక ఒక చేదు మాట చెప్పక తప్పదు. రాజ్యాంగం 30వ అధికరణం మనకు విద్యాసంస్థలు నడిపే హక్కు ఇచ్చింది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు మైనారిటీ విద్యాసంస్థలకు విద్యా హక్కు చట్టం వర్తించదన్నది. ఆ తీర్పుపై 2025లో సుప్రీంకోర్టు ధర్మాసనమే సందేహం వెలిబుచ్చింది, అది వేరే చర్చ. కానీ 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలన్నిటి గురించీ మాట్లాడుతుంది. మైనారిటీ సంస్థలను అది మినహాయించలేదు. మనకు దక్కిన రక్షణను చూపి మన బలహీన బిడ్డకే తలుపు మూస్తే, ఆ రక్షణ ఎవరి కోసం? మన యాజమాన్యాలలోని పాఠశాలలు ఈ ఏడు ఒక్కొక్కటి ఎందరు వికలాంగ బాలలను చేర్చుకున్నాయో లెక్క చెప్పాలని మేము వినయంగా అడుగుతున్నాం.

మన చరిత్రలో దారి లేకపోలేదు. చూపు లేని అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ ప్రశ్న అడగడానికి వచ్చినప్పుడు, తెగ నాయకులతో మాటల్లో ఉన్న సమయంలో ఆయన వైపు ముఖం తిప్పకపోవడం గురించి దివ్య ఖుర్ఆన్ 80వ సూరా ‘అబస’ అవతరించిందని మనకందరికీ తెలుసు. ఆ సహాబీకే మదీనాలో బిలాల్ (రజి)తో పాటు అజాన్ ఇచ్చే గౌరవం దక్కింది. ప్రవక్త (స) ఊరు విడిచి వెళ్ళినప్పుడు మదీనా బాధ్యతను ఆయనకు అప్పగించిన సందర్భాలూ ఉన్నాయి. ఆయనకు దక్కింది జాలి కాదు, పని, పదవి. రంజాన్ మాసంలో వికలాంగుడి చేతిలో నాణెం పెట్టి మన బాధ్యత తీరిందనుకోవడం ఆ దారి కాదు.

చేయవలసింది

చివరగా, ఇంటికి వెళ్ళి చేయవలసిన పనులు నాలుగు చెబుతాం.

మొదటిది, మీ వీధిలో బడికి వెళ్ళని బిడ్డ పేరు మాకు ఇవ్వండి. అంకె వద్దు, పేరు ఇవ్వండి. రెండవది, బడికి వెళ్తున్న బిడ్డ ఉంటే మూడు ప్రశ్నలు అడగండి: ఈ రోజు ఏం అర్థమైంది, ఎవరితో ఆడుకున్నావు, మంచినీళ్ళు తాగావా. మూడవది, పాఠశాల యాజమాన్య కమిటీలో వికలాంగ బిడ్డ తల్లి గానీ తండ్రి గానీ ఒకరు ఉండేలా చూడండి. మూడు మెట్ల బాధ ముప్పై మెట్లు ఎక్కగలవారికి తెలియదు. నాలుగవది, పని జరగకపోతే కాగితం మీద అడగండి. ముందు ప్రధానోపాధ్యాయుడు, తరువాత మండల విద్యాధికారి, ఆ తరువాత పుట్టపర్తిలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక, ఆపైన రాష్ట్ర వికలాంగుల కమిషనర్. ప్రతి దరఖాస్తుకూ రసీదు తీసుకోండి. రాయడం రాకపోతే మేము రాసిపెడతాం, అలవాటైన పనే.

మేము ఇప్పుడు ఒక పాత లెడ్జరు పుస్తకం పెట్టుకున్నాం. పేరు, వయసు, బడి, తరగతి, అవసరం, మేము చివరిసారి ఆ బిడ్డను చూసిన తేదీ. నిరుటి పేజీ చూసి ఈ ఏటి పేజీ నింపకూడదన్నది మాకు మేము పెట్టుకున్న నియమం. ఇప్పటికి అందులో నలభై ఒక్క పేర్లున్నాయి. ఈ సభ ముగిసేలోగా మరికొన్ని చేరాలి. పుస్తకం ఆ తలుపు పక్కన బల్ల మీద ఉంది, కలం కూడా ఉంది. గొంతు తగ్గించనక్కర లేదు, బిడ్డ పేరు గట్టిగానే చెప్పండి.